పడమటి ఊరికి ఉత్తరపు దారి

మా పెద్దమ్మ మొదటిసారి డల్లాస్ వెళ్లి వచ్చాక నన్ను అడిగిన మొదటి ప్రశ్న అక్కడి ఇళ్ల గురించీ కాదు, రోడ్ల గురించీ కాదు. "అమెరికా పడమర దిక్కున ఉందంటారు కదరా. మరి దుబాయ్‌లో ఎక్కిన విమానం ఉత్తరానికి పోయిందేంటి? ముందు సీటుకున్న టీవీలో చూస్తూనే కూర్చున్నా. రష్యా వైపు పోయింది, మంచు మీదుగా పోయింది, ఆ తర్వాత కొండ దిగినట్టు కిందికి దిగింది. మనల్ని అంత చుట్టు తిప్పడం దేనికి?"

ఆటోవాడు తెలిసిన సందు వదిలేసి ఊరంతా తిప్పాడని అనుమానం వచ్చినప్పుడు ఎలా అడుగుతామో, సరిగ్గా అలాగే అడిగింది. ఆ అనుమానం చాలా విలువైనది. విమానం ఎక్కే లక్షలమందికి వచ్చి, అడగడానికి మొహమాటపడి, కిటికీ తెర దించుకుని నిద్రపోయాక మరిచిపోయే ప్రశ్న అది. ఈ అధ్యాయం మొత్తం దానికి జవాబే.

ఇంట్లో పిల్లల గ్లోబు ఒకటుంది. అడ్డకొలత 30 సెంటీమీటర్లు. దేవుడి గది నుంచి పూలు కట్టే దారం తెచ్చాను. ఒక కొసను హైదరాబాద్ మీద పెట్టి బొటనవేలితో నొక్కి పట్టుకోమన్నాను. రెండో కొసను నేను డల్లాస్ మీద పట్టుకున్నాను. మొదట దారాన్ని పెద్దమ్మ అనుకున్న దారిలోనే పరిచాం: అరేబియా ఎడారి, సహారా, అట్లాంటిక్ సముద్రం, ఫ్లోరిడా పైభాగం, టెక్సస్. అలా పరిచిన దారాన్ని బిగించి లాగితే ఒక వింత జరిగింది. దారం ఆ దారిలో నిలవలేదు. వదులైపోయి, గ్లోబు మీద దానంతట అదే పైకి జారింది. సహారా నుంచి యూరప్‌కు, యూరప్ నుంచి మంచు సముద్రానికి జారి, చివరికి గ్లోబు నెత్తిన ఉండే ఇత్తడి బిళ్లకు ఆనుకున్నంత దగ్గరగా వచ్చి బిగిసింది. కొలిస్తే 34 సెంటీమీటర్లు, అంటే జానా బెత్తెడు కన్నా ఇంకొంచెం. పెద్దమ్మ గోటితో దారం వెంట రాసుకుంటూ పోయి, "ఇది ఉత్తర ధ్రువం పక్కనుంచి పోతోంది కదరా" అంది.

అదే అసలు సంగతి. హైదరాబాద్ నుంచి డల్లాస్‌కు దగ్గరి దారి పడమటి దారి కాదు, ఉత్తరపు దారి.

బత్తాయిని సరిగ్గా నడిమికి కోస్తే ఆ కోత అంచున ఒక వలయం వస్తుంది. ఆ కాయ మీద గీయగలిగిన వలయాల్లో అదే పెద్దది. గోళం మీద ఇలా కేంద్రం గుండా పోయే కోత వల్ల వచ్చే వలయాన్ని మహావృత్తం అంటారు. భూమి మీద ఏ రెండు ఊళ్లను తీసుకున్నా, వాటి మధ్య దగ్గరి దారి ఆ రెండింటినీ కలిపే మహావృత్తంలో ఒక ముక్క. బిగించిన దారం వెతుక్కున్నది దాన్నే.

గ్లోబు లేకపోయినా ఫోన్‌లోని కాలిక్యులేటర్‌తో ఈ దూరం తేల్చవచ్చు. శంషాబాద్ విమానాశ్రయం 17.24 డిగ్రీల ఉత్తర అక్షాంశం, 78.43 డిగ్రీల తూర్పు రేఖాంశం మీద ఉంది. డల్లాస్ విమానాశ్రయం 32.90 ఉత్తరం, 97.04 పడమర. రేఖాంశాల మధ్య ఎడం 175.47 డిగ్రీలు. రెండు అక్షాంశాల సైన్‌లనూ గుణిస్తే 0.161 వస్తుంది. రెండు అక్షాంశాల కొసైన్‌లనూ, రేఖాంశాల ఎడం కొసైన్‌నూ గుణిస్తే మైనస్ 0.799. రెండూ కలిపితే మైనస్ 0.638. ఈ కొసైన్ ఏ కోణానిదో చూస్తే 129.7 డిగ్రీలు. అంటే భూమి కేంద్రంలో నిలబడి చూసేవాడికి ఆ రెండు ఊళ్లూ అంత కోణంలో విడివడి కనిపిస్తాయి. భూమి మీద ఒక డిగ్రీ దూరం 111.2 కిలోమీటర్లు. గుణిస్తే సుమారు 14,420 కిలోమీటర్లు.

దారాన్ని మొదట పరిచిన పడమటి దారిలో, దిక్సూచిని ఒకే దిక్కున నిలిపి పోతే ఎంతవుతుందో కూడా లెక్కకట్టాను. దాదాపు 17,680 కిలోమీటర్లు. గోడ మీద పటంలో తిన్నగా కనిపించే గీత 3,200 కిలోమీటర్లకు పైగా ఎక్కువ తిప్పుతుందన్నమాట. చుట్టుదారి పెద్దమ్మ ఊహించుకున్నదే. విమానం పోయింది అడ్డదారిలో.

మన కళ్లను ఇలా అలవాటు చేసినది బడిలో గోడకు వేలాడే పటం. ఫ్లాండర్స్‌లో పుట్టిన గెరార్డస్ మెర్కేటర్ 1569లో దాని మూలరూపాన్ని గీశాడు. ఆయన దాన్ని ఓడల వాళ్ల కోసం గీశాడు. దిక్సూచి ముల్లును ఒకే కోణంలో ఉంచి ఓడను నడిపితే, ఆ దారి పటం మీద సరళరేఖగా పడాలి. అది సాధించాడు. దానికి చెల్లించిన మూల్యం ఏమిటంటే, ధ్రువాల వైపు పోయేకొద్దీ నేల సాగిపోతుంది. గ్రీన్‌లాండ్ ఆఫ్రికా అంత కనిపిస్తుంది, నిజానికి ఆఫ్రికా దానికి 14 రెట్లు పెద్దది. ఉత్తర ధ్రువం అనే ఒక్క బిందువు ఆ పటం మీద అసలు పట్టదు. మన దారం ఎక్కడి నుంచి పోయిందో, పటంలో ఆ చోటే లేదు. మెర్కేటర్‌ను తప్పుపట్టడం న్యాయం కాదు. ఓడల పటాన్ని తెచ్చి తరగతి గదిలో ప్రపంచం ఇదేనని చూపించిన మనదే తప్పు. ప్రతి బడిలోనూ గోడపటం పక్కన ఒక గ్లోబు, ఒక దారం రీలు ఉండాలని నా గట్టి నమ్మకం.

ఇప్పుడు ఆ 34 సెంటీమీటర్ల దారం వెంట నడుద్దాం. హైదరాబాద్ వదిలాక అది ఉత్తరానికి ఐదు డిగ్రీలు మాత్రమే పడమరకు ఒరిగి బయల్దేరుతుంది. ఢిల్లీ నగరపు తూర్పు అంచు తాకుతుంది. కారాకోరంలో 8,611 మీటర్ల కె2 శిఖరానికి పక్కగా పోతుంది. చైనాలోని కాష్గర్, ఆ తర్వాత కిర్గిజ్‌స్థాన్, కజకిస్థాన్, సైబీరియాలో ఓమ్‌స్క్ నగరం. యమాల్ ద్వీపకల్పం దాటి మంచు సముద్రంలోకి దిగుతుంది. గ్రీన్‌లాండ్‌కు ఇంకా ఉత్తరాన, 85 డిగ్రీల అక్షాంశం దాటి, ధ్రువానికి 500 కిలోమీటర్ల చిల్లర దూరంలో తన శిఖరాన్ని అందుకుంటుంది. అక్కడి నుంచి దిగడమే. కెనడా నెత్తిన ఎల్స్‌మియర్ దీవి, హడ్సన్ అఖాతం, మినెసోటా, ఒమాహా, ఓక్లహోమా, డల్లాస్.

దీనికి ఇంకో చక్కని కొస ఉంది. డల్లాస్‌లో ఉన్న పిల్లలకు ఫోన్ చేసే ముందు ఇప్పుడు అక్కడ పగలా రాత్రా అని వేళ్ల మీద లెక్కపెట్టే తల్లులందరికీ ఆ ఊరికీ మనకూ దాదాపు పన్నెండు గంటల తేడా ఉందని తెలుసు. ఆ పన్నెండు గంటలూ, ఈ ధ్రువం పక్క దారీ వేర్వేరు సంగతులు కావు. భూమి గంటకు 15 డిగ్రీలు తిరుగుతుంది. 175 డిగ్రీల ఎడం అంటే సూర్యుడి లెక్కన పదకొండు గంటల నలభై నిమిషాల తేడా. ఇద్దరూ భూగోళానికి ఎదురెదురు పక్కల ఉన్నారు, ఇద్దరూ ఉత్తరార్ధంలోనే ఉన్నారు. ఎత్తైన దిబ్బకు ఇవతల ఒకడు, అవతల ఒకడు నిలబడితే చుట్టూ తిరిగి రావడం కన్నా నెత్తిమీదుగా ఎక్కి దిగడమే దగ్గర. ఉత్తరార్ధంలోని రెండు ఊళ్ల పొద్దుల మధ్య తేడా పన్నెండు గంటలకు దగ్గరయ్యేకొద్దీ వాటి మధ్య దగ్గరి దారి ధ్రువానికి దగ్గరవుతుంది. ఇది తెలిస్తే గ్లోబు లేకుండానే, గడియారం చూసి దారి చెప్పేయవచ్చు.

14,420 అన్న అంకెను ఇంత ధీమాగా రాయగలుగుతున్నామంటే దాని వెనక ఒక చెమటోడ్చిన కథ ఉంది, అందులో కొంత మన నేల మీదే జరిగింది. భూమి అచ్చమైన గోళం కాదు. నడిమి రేఖ దగ్గర వ్యాసార్ధం 6,378 కిలోమీటర్లు, ధ్రువాల దగ్గర 6,357. ఈ 21 కిలోమీటర్ల తేడా వల్ల దూరాల లెక్క అర శాతం దాకా తప్పవచ్చు. భూమి ఎంత నొక్కుకుపోయిందో తెలియాలంటే ఉత్తర దక్షిణంగా ఒక పొడవాటి గీతను నేల మీద కొలిచి, ఆకాశంలో నక్షత్రాలతో పోల్చి, వేర్వేరు చోట్ల ఒక డిగ్రీ ఎన్ని కిలోమీటర్లో చూడాలి. విలియం లాంబ్టన్ 1802లో మద్రాసులో సెయింట్ థామస్ మౌంట్ దగ్గర గొలుసులు పరిచి ఆ పని మొదలుపెట్టాడు. అర టన్ను బరువుండే థియోడొలైట్‌ను కూలీలు కొండల మీదికీ గుడి గోపురాల మీదికీ మోశారు. గ్రేట్ ఆర్క్ అని పేరుపడిన ఆ మహారేఖ కన్యాకుమారి వైపు నుంచి హిమాలయాల పాదాల దాకా సాగింది. అది ఏ రేఖాంశం వెంట సాగింది? 78వ రేఖాంశం. హైదరాబాద్ ఉన్నది 78.4 మీద.

లాంబ్టన్‌కు సహాయకుడిగా జార్జ్ ఎవరెస్ట్ 1818లో హైదరాబాద్ వచ్చాడు. కృష్ణా గోదావరుల నడుమ అడవుల్లో సర్వే చేస్తూ మలేరియాతో మంచాన పడి, కోలుకోవడానికి ఆఫ్రికా దక్షిణ కొసకు వెళ్లాల్సి వచ్చింది. లాంబ్టన్ 1823లో హింగన్‌ఘాట్‌లో, పని మధ్యలోనే కన్నుమూశాడు. ఎవరెస్ట్ తిరిగొచ్చి పూర్తిచేశాడు. ఆయన 1830లో ఇచ్చిన భూమి కొలతల మీదే మన దేశపు పటాలు తరతరాలు నడిచాయి. సరిహద్దు రాళ్లు, కాలువలు, రైలు పట్టాలు అన్నీ ఆ కొలతల నీడలోనివే. మన దారం హైదరాబాద్ నుంచి బయల్దేరి మొదటి వెయ్యి కిలోమీటర్లూ ఆ మహారేఖకు కాస్త పక్కగానే పోతుందని గమనించిన రోజు నాకు ఒళ్లు పులకరించింది. వాళ్లు అడుగడుగునా కొలుచుకుంటూ దశాబ్దాలు నడిచిన దారి అది. ఆ మహారేఖ మొత్తం దాటడానికి విమానానికి మూడు గంటలు కూడా పట్టదు.

విమానం నేల మీద కాదు, 11 కిలోమీటర్ల ఎత్తున పోతుంది కదా, ఆ ఎత్తులో దూరం పెరగదా అని కొందరు అడుగుతారు. పెరుగుతుంది, 25 కిలోమీటర్లు. లెక్కలోకి రాదు.

దారి దొరికింది. ఇక ఆ దారిలో విమానం నిజంగా పోగలదా? గ్లోబు మీద దారానికి కొండలు లేవు, దిగే చోటు బెంగ లేదు, చలి లేదు, సరిహద్దులు లేవు. విమానానికి నాలుగూ ఉన్నాయి.

కొండల సంగతి. కె2ను దాటడానికి ఎత్తు చాలకపోవడం సమస్య కాదు, విమానం దానికన్నా రెండు కిలోమీటర్లు పైనే ఎగురుతుంది. క్యాబిన్‌లో గాలి పీడనం ఉన్నట్టుండి పడిపోతే పైలట్ వెంటనే మూడు కిలోమీటర్ల ఎత్తుకు, మనిషి మామూలుగా ఊపిరి పీల్చుకోగల చోటికి దించాలి. సీటుపైనుంచి జారే మాస్కుల్లో ఆక్సిజన్ సుమారు పావుగంటకే సరిపోతుంది. కారాకోరం మీద, టిబెట్ మీద మూడు కిలోమీటర్ల ఎత్తుకు దిగడమంటే కొండలోకి దిగడమే. అందుకే ఆ ప్రాంతం మీదుగా పోయేవాళ్లు, ఏ చోట ఇబ్బంది వస్తే ఏ లోయ వెంట బయటపడాలో ముందే గీసుకుని పోతారు. ఎక్కువమంది ఆ ప్రాంతాన్నే తప్పించుకుంటారు.

రెండోది, దిగడానికి చోటు. విమానానికి రెండు ఇంజన్లు, ఒకటి ఆగిపోతే రెండోదానితో ఎంతసేపు ఎగరవచ్చు? 1953లో అమెరికా పెట్టిన నియమం ప్రకారం రెండింజన్ల విమానం ఎప్పుడూ ఏదో ఒక విమానాశ్రయానికి 60 నిమిషాల దూరంలోనే ఉండాలి. ఆ లెక్కన మహాసముద్రాల మీద, ధ్రువం మీద దారి మూసినట్టే. అందుకే అప్పట్లో దూరప్రయాణాలకు నాలుగింజన్ల విమానాలు. ఇంజన్లు నమ్మకమైనవి అయ్యేకొద్దీ గడువు పెరిగింది. 1985లో 120 నిమిషాలు, తర్వాత 180. ఈనాటి ఎయిర్‌బస్ ఎ350కి 370 నిమిషాల దాకా అనుమతి ఉంది. మన ఊళ్ల మధ్య గంటల్ని తగ్గించినది వేగం కాదు. 1960ల నాటి జెట్ విమానాలూ దాదాపు ఇదే వేగంతో పోయేవి. తగ్గించినది ఇంజన్ మీద నమ్మకం.

నమ్మకం ఉన్నా, దిగాల్సి వస్తే ఏమవుతుందో 2023 జూన్‌లో చూశాం. ఢిల్లీ నుంచి శాన్‌ఫ్రాన్సిస్కో పోతున్న విమానం ఇంజన్ ఇబ్బందితో రష్యా తూర్పు కొసన మగడాన్‌లో దిగింది. రెండువందల పైచిలుకు ప్రయాణికులు అక్కడ పరుపులు పరుచుకుని పడుకున్నారు, మరో విమానం వచ్చి తీసుకుపోయేదాకా ఎదురుచూశారు. క్షేమంగానే చేరారు. ధ్రువం దారిలో అత్యవసరంగా దిగే ఊరు అంటే రన్‌వే ఒక్కటే కాదు, వందలమందికి ఇంత వెచ్చదనం, ఇంత తిండి, ఒక రాత్రి తలదాచుకునే కప్పు కూడా ఉండాలి.

చలి మూడోది. విమానంలో వాడే జెట్ ఎ-1 ఇంధనం మైనస్ 47 డిగ్రీల దగ్గర గడ్డకట్టడం మొదలవుతుంది. ధ్రువం దగ్గర బయట గాలి మైనస్ 60, ఒక్కోసారి ఇంకా తక్కువ. రెక్కల్లోనే ఇంధనం ఉంటుంది. కాపాడేది వేగమే. ఆ వేగంలో ఎదురుగాలి రెక్కకు కొట్టుకుని, నొక్కుకుపోయి, దాదాపు 30 డిగ్రీలు వేడెక్కుతుంది. అదీ చాలకపోతే పైలట్ వెచ్చని గాలి ఉన్న ఎత్తుకు దిగుతాడు. దీనికితోడు ధ్రువం దగ్గర దిక్సూచి పనికిరాదు, సూర్యుడి తుపానులు వస్తే రేడియో సరిగా పలకదు, అలాంటి రోజుల్లో ధ్రువం దారిని కాస్త దక్షిణానికి జరుపుతారు.

ఇన్ని ఉన్నా ఆ దారి నడుస్తోంది. 2021 జనవరి 9న శాన్‌ఫ్రాన్సిస్కోలో బయల్దేరిన ఎయిర్ ఇండియా విమానం ఉత్తర ధ్రువం మీదుగా సుమారు 17 గంటలు ఎగిరి బెంగళూరులో దిగింది. నడిపినవాళ్లు నలుగురూ మహిళలే: జోయా అగర్వాల్, పాపగారి తన్మయి, ఆకాంక్ష సోనావరే, శివానీ మన్హాస్. అదే నెలలో హైదరాబాద్ నుంచి చికాగోకు ఎక్కడా ఆగని విమానం కూడా మొదలైంది, సుమారు 13,280 కిలోమీటర్లు. అది కొన్నాళ్లే నడిచింది.

చివరి అడ్డంకి మనుషులు పెట్టినది. 2022 ఫిబ్రవరిలో యుక్రెయిన్ యుద్ధం మొదలయ్యాక రష్యా ఆకాశం యూరప్, అమెరికా, కెనడా సంస్థలకు మూతపడింది. హెల్సింకి నుంచి టోక్యోకు తొమ్మిది తొమ్మిదిన్నర గంటల్లో పోయే ఫిన్నిష్ విమానానికి పదమూడు గంటలు పట్టసాగింది. ఊళ్లు కదల్లేదు, భూమి మారలేదు, ఒక్క ఉత్తర్వుతో టోక్యో మూడున్నర గంటలు దూరం జరిగింది. మనకూ అంతే. 2019లో కొన్ని నెలలు, మళ్లీ 2025 ఏప్రిల్‌లో పాకిస్థాన్ ఆకాశం మన విమానాలకు మూతపడింది. ఢిల్లీ నుంచి అమెరికాకు ఎక్కడా ఆగకుండా పోయే విమానాలు కొన్ని యూరప్‌లో దిగి ఇంధనం నింపుకోవాల్సి వచ్చింది. కన్నబిడ్డ ప్రసవానికి పోతున్న తల్లి ఒళ్లోని బ్యాగ్ పట్టుకుని విమానంలో అదనంగా కూర్చునే గంటలవి. ఆ గంటల వెనక రాజ్యాల పంతాలున్నాయని తలచుకుంటే నాకు మనసు కలుక్కుమంటుంది.

పెద్దమ్మకు ఇంకో సందేహం మిగిలింది. దుబాయ్ నుంచి పోయేటప్పుడు పదహారు గంటలకు పైగా పట్టింది, వచ్చేటప్పుడు పదిహేను కూడా పట్టలేదు. "వచ్చేటప్పుడు భూమి మనకు ఎదురు తిరుగుతుంది కదా, అందుకేనా?" అంది. చదువుకున్నవాళ్లూ ఇదే అనుకుంటారు. లెక్క ప్రకారం చూస్తే అది కుదరదు. భూమి తిరిగేది పడమర నుంచి తూర్పుకు. హైదరాబాద్ దగ్గర నేల గంటకు దాదాపు 1,600 కిలోమీటర్ల వేగంతో తూర్పుకు పోతోంది. గాలి కూడా నేలతోపాటే తిరక్కపోతే మనం గడప దాటి నిలబడలేం. పోతున్న రైల్లో కూర్చుని నాణెం పైకి ఎగరేస్తే మళ్లీ చేతిలోనే పడుతుంది, వెనక సీటువాడి మీద పడదు. గాల్లోకి లేచిన విమానమూ అంతే.

తేడా తెచ్చేది నేలతో తిరుగుతున్న ఆ గాలిలోనే, దానికి మించి పరుగెత్తే ఒక గాలి నది. ఉష్ణమండలపు వేడి గాలి పైకి లేచి ధ్రువం వైపు పోతూ, భూమి తిరగడం వల్ల కుడికి ఒరిగి, పది పన్నెండు కిలోమీటర్ల ఎత్తున పడమర నుంచి తూర్పుకు ఉరకలు వేస్తుంది. దాన్ని జెట్ స్ట్రీమ్ అంటారు. గంటకు 200 కిలోమీటర్లు దానికి మామూలు. జపాన్‌లో తతెనో అబ్జర్వేటరీలో వసబురో ఓయిషి అనే శాస్త్రజ్ఞుడు 1920లలో బెలూన్లు వదిలి, అవి ఎటు కొట్టుకుపోతున్నాయో చూసి దీన్ని పట్టుకున్నాడు. ప్రపంచమంతా చదవాలని తన నివేదికను ఎస్పరాంతో భాషలో అచ్చువేశాడు. ఆ భాష చదవగలిగినవాళ్లు కొద్దిమందే. రెండో ప్రపంచయుద్ధంలో జపాన్ మీదికి వచ్చిన అమెరికా విమానాలు ఆ గాలిలో చిక్కుకున్నాకే లోకానికి దాని బలం తెలిసింది.

ఆ గాలి బలమెంతో చూపే సంగతి ఒకటి డల్లాస్‌దే. 2011లో క్వాంటాస్ సంస్థ సిడ్నీ నుంచి డల్లాస్‌కు విమానం మొదలుపెట్టింది. తూర్పుకు పోయేటప్పుడు ఎక్కడా ఆగకుండా వచ్చేది. తిరుగు ప్రయాణంలో ఎదురుగాలికి ఇంధనం చాలక బ్రిస్బేన్‌లో దిగి పోయేది. అదే విమానం, అవే ఊళ్లు. 2020 ఫిబ్రవరిలో న్యూయార్క్ నుంచి లండన్ పోయిన బ్రిటిష్ ఎయిర్‌వేస్ విమానం తుపాను గాలిని వెనకేసుకుని 4 గంటల 56 నిమిషాల్లో చేరింది. నేలతో పోలిస్తే దాని వేగం ఒక దశలో గంటకు 1,300 కిలోమీటర్లు దాటింది.

అందుకని విమానం నడిపేవాళ్లు మహావృత్తానికి దాసులు కారు. ఆ రోజు గాలి పటం చూసి, ఎదురుగాలిని తప్పించుకుంటూ, తోడుగాలిని అందుకుంటూ దారి గీస్తారు. గ్లోబు మీద వంద కిలోమీటర్లు ఎక్కువైనా, గడియారంలో పావుగంట కలిసొస్తే అదే దగ్గరి దారి. ఆ దారి ప్రతిరోజూ వేరు.

మరి హైదరాబాద్ నుంచి డల్లాస్‌కు ఆగకుండా పోయే విమానం ఎందుకు లేదు? విమానం ధ్వని వేగంలో 85 శాతంతో, ఆ ఎత్తున గంటకు సుమారు 900 కిలోమీటర్లతో పోతుంది. 14,420 కిలోమీటర్లకు పదహారు గంటలు, చుట్టుదారులూ గాలీ కలిపితే పదిహేడు. సింగపూర్ నుంచి న్యూయార్క్‌కు 15,350 కిలోమీటర్లు ఆగకుండా పోయే విమానం ఇప్పటికే నడుస్తోంది. యంత్రం ఉంది. ఇబ్బంది బరువుతో వస్తుంది. దుబాయ్ నుంచి పెద్దమ్మ ఎక్కినలాంటి బోయింగ్ 777 నిండా ఇంధనం పోస్తే అదే 145 టన్నులు, లేచేటప్పటి మొత్తం బరువులో ఐదింట రెండు వంతులు. మోసుకెళ్లే ప్రతి కిలోకూ గంటకు ఆ బరువులో మూడు నాలుగు శాతం ఇంధనం ఖర్చవుతుంది. పదహారు గంటల ప్రయాణంలో పెద్దమ్మ పెట్టెలోని కిలో ఆవకాయ జాడీని డల్లాస్ చేర్చడానికి అర కిలోకు పైగా ఇంధనం కాలింది. ఇంధనమూ బరువే కాబట్టి, చివరి గంటలో కాల్చాల్సిన ఇంధనాన్ని మోయడానికి మొదటి పదిహేను గంటలూ ఇంధనం కాలుతూనే ఉంటుంది. సింగపూర్ విమానంలో అందుకే 161 సీట్లే, సాధారణ తరగతి అసలు లేదు. ఆ ఖర్చు భరించే ప్రయాణికులు రోజూ దొరకాలి.

దుబాయ్‌లో దిగి ఎక్కితే దూరం రెండు ముక్కలు కలిపి సుమారు 15,460 కిలోమీటర్లు. గ్లోబు మీద దారం రెండున్నర సెంటీమీటర్లు పెరిగింది, అంతే. వయసు పైబడినవాళ్లకు మధ్యలో నేల మీద నాలుగడుగులు వేసే వీలు దొరకడం మోకాళ్లకు మంచిదే.

ఇక టికెట్ మీద గంటలు. తెల్లవారుజామున 4 గంటలకు హైదరాబాద్‌లో బయల్దేరి, అదే తేదీ సాయంత్రం 4 గంటలకు డల్లాస్‌లో దిగినట్టు అచ్చువేసి ఉంటుంది. పన్నెండు గంటల ప్రయాణం అనిపిస్తుంది. మన గడియారం కాకినాడకు దగ్గరగా పోయే 82.5 డిగ్రీల రేఖాంశం ప్రకారం నడుస్తుంది. డల్లాస్ గడియారం వేసవిలో మనకన్నా పదిన్నర గంటలు, చలికాలంలో పదకొండున్నర గంటలు వెనక. వేసవి ప్రయాణమైతే పన్నెండుకు పదిన్నర కలపాలి. ఇరవై రెండున్నర గంటలు: దుబాయ్‌కు నాలుగు, అక్కడ ఎదురుచూపు రెండున్నర, ఆ పైన పదహారు. శరీరంలోని గడియారం రోజుకు గంటా గంటన్నరకు మించి జరగదు. కొత్త ఊళ్లో వారం రోజులు నడిరాత్రి ఆకలి వేయడం, భోజనం దగ్గర కునుకు పట్టడం అందుకే.

పెద్దమ్మ డల్లాస్‌లో ఉన్న మూడు నెలలూ చేతి గడియారం మార్చలేదట. కూతురు ఎన్నిసార్లు మారుస్తానన్నా ఒప్పుకోలేదు. అక్కడ రాత్రి ఏడయ్యి, ఇంకా వెలుతురుండగానే వాళ్లు భోజనాలకు కూర్చుంటే, ఈమె మణికట్టు చూసుకునేదట. అందులో ఐదున్నర. "మన వీధిలో పాలవాడు గేటు తీసే వేళ" అనేదట.